ఉమ్మడి పేరు, ఉమ్మడి పూచీ: సహరచనలో కర్తృత్వంపై నైతిక విచారణ

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్యంలో ఇద్దరు కలిసి ఒకే కృతిని నిర్మించే సంప్రదాయం చాలా పాతది. పదిహేనవ శతాబ్దిలో నంది మల్లయ, ఘంట సింగనలు జంటగా ప్రబోధచంద్రోదయం, వరాహపురాణం రచించారు. ఆధునిక కాలంలో తిరుపతి వేంకటకవులు, వేంకట పార్వతీశ్వర కవులు, పింగళి కాటూరి కవులు ఆ సంప్రదాయానికి కొత్త ప్రతిష్ఠ తెచ్చారు. వీరిని గురించి రాసేటప్పుడు జంట ఏర్పడిన సందర్భాన్నీ, కృతుల వివరాలనూ, సభల్లో పొందిన గౌరవాలనూ చెప్పడం పరిపాటి. జంటపేరు అనేది నైతికంగా ఎటువంటి వ్యవహారమో వేరుగా పరిశీలించదగిన విషయం.

ఇద్దరు మిత్రులు ఒక కథనో నవలనో కలిసి రాసి ప్రచురించినప్పుడు పాఠకుల నుంచి మొదట వచ్చే ప్రశ్న ‘ఇందులో ఎవరు ఏది రాశారు?’ అన్నది. పరిశోధకుడు కూడా చాలాసార్లు అదే ప్రశ్నతో బయలుదేరుతాడు. ఆ ప్రశ్న వెనుక ఒక భావన దాగి ఉంది. కర్తృత్వం పొలం వంటిదనీ, గట్టు వేసి ఎవరి వాటా వారికి చూపవచ్చుననీ ఆ భావన సారాంశం. అది సహరచన స్వభావానికి సరిపోదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇద్దరి పేర్లు కలిసి అచ్చయినప్పుడు అవి వాటాల పత్రంగా కాక, పూచీకత్తుగా పనిచేస్తాయి. తాను రాయని వాక్యానికి సైతం తాను జవాబుదారీ వహిస్తానని ఒక్కొక్కరూ లోకానికి ఇచ్చే మాట అది. ఆ మాటకు ఉన్న షరతులేమిటి, ప్రచురణ దానిని ఎలా పరీక్షిస్తుంది, మిత్రులలో ఒకరు మరణించాక అది ఏమవుతుంది అన్నవి ఇక్కడ పరిశీలనాంశాలు.

వాటా భావన – దాని పరిమితి

వాటా భావనకు అనుకూలమైన ఉదాహరణగా అమెరికన్ అపరాధ పరిశోధక నవలాకారుడు ‘ఎలరీ క్వీన్’ను చెప్పవచ్చు. ఆ పేరు వెనుక ఫ్రెడరిక్ డానే, మాన్‌ఫ్రెడ్ లీ అనే ఇద్దరు దగ్గరి బంధువులు ఉన్నారు. వారి తొలి నవల 1929లో వెలువడింది. వారి రచనాజీవితంలో అధికభాగం ఇతివృత్తాన్ని, ఆధారాల కూర్పును డానే సవివరంగా సిద్ధం చేయగా, దానికి పాత్రలనూ సంభాషణనూ వచనాన్నీ లీ సమకూర్చారు. పైకి చూస్తే ఇక్కడ గట్టు స్పష్టంగా ఉంది. ఇతివృత్తం ఒకరిది, వచనం మరొకరిది.

అయితే అపరాధ పరిశోధక నవలలో ఒక ఆధారం పాఠకుని కంట పడీ పడనట్లు ఉండాలి. వాక్యం కొంచెం గట్టిగా పలికితే రహస్యం ముందే బయటపడుతుంది. మరీ మెత్తగా పలికితే పాఠకుడు తాను మోసపోయానని భావిస్తాడు. అంటే ఒకరు అల్లిన ఇతివృత్తం నిలుస్తుందో కూలుతుందో మరొకరి వాక్యమే నిర్ణయిస్తుంది. ఆ వాక్యానికి ఉన్న బరువంతా ఇతివృత్తం ఇచ్చినదే. పని విభజన ఎంత స్పష్టంగా ఉన్నా ఫలితాన్ని విభజించడం సాధ్యం కాలేదు.

ఆలోచన ఇచ్చినవారికి ఎంత వాటా అన్న ప్రశ్నకు రష్యన్ సాహిత్యంలో ఒక ఆసక్తికరమైన సమాధానం ఉంది. ఇల్యా ఇల్ఫ్, యెవ్గేనీ పెత్రోవ్‌లు కలిసి రాసిన ‘పన్నెండు కుర్చీలు’ నవల 1928లో వెలువడింది. కుర్చీలో దాచిన నిధికోసం వెదుకులాట అనే ఆలోచనను వారికి ఇచ్చినవారు పెత్రోవ్ అన్నగారైన వలెంతీన్ కతాయెవ్. అప్పటికే ఆయన పేరున్న రచయిత. తమ్ముడూ అతని మిత్రుడూ రాస్తే తాను తుదిమెరుగులు దిద్దుతాననీ, ముగ్గురి పేర్లతో ప్రచురించవచ్చుననీ మొదట అనుకున్నారు. రాసిన భాగాన్ని చదివాక, వారికి తన చేతి అవసరం లేదని గ్రహించి తప్పుకున్నారు. నవల ఆయనకు అంకితమైంది. ఆలోచన తనదే అయినా, రాసే పనిలో తాను పాలుపంచుకోని పుస్తకం మీద కర్తగా నిలబడటం ఉచితం కాదని ఆయన నిర్ణయం చెబుతున్నది. అంకితపు పుట ఆయన ఋణాన్ని గుర్తించింది. కర్తృత్వపు పుట వేరుగా ఉండిపోయింది.

కథారచనలో ప్రత్యేకత

పద్యానికీ నవలకూ ఈ విషయంలో తేడా ఉంది. పద్యం తనంతట తాను పూర్తి అయ్యే ప్రమాణం. ఒకరు రెండు పాదాలు చెబితే మరొకరు తక్కిన రెండూ పూరించవచ్చు. ఛందస్సు ఇద్దరినీ ఒకే కొలతలో నిలుపుతుంది. పురాణకథ అయితే పాత్రలు, సన్నివేశాలు ముందే తెలిసినవి. అందువల్ల జంటకవిత్వంలో రెండు గొంతులను కలిపే బాధ్యతలో కొంత భాగాన్ని ఛందస్సూ ప్రసిద్ధ కథావస్తువూ మోస్తాయి. కల్పిత నవలలో ఆ ఆధారం లేదు. నాయిక ఒక సందర్భంలో మౌనం వహిస్తుందో మాట్లాడుతుందో ఏ పురాణమూ చెప్పదు. ఇద్దరు రచయితలు ఒకే మనిషిని ఊహించాలి. వేంకట పార్వతీశ్వర కవులుగా ప్రసిద్ధులైన బాలాంత్రపు వేంకటరావు, ఓలేటి పార్వతీశంగార్లు ‘ఏకాంతసేవ’ వంటి కావ్యంతో ఆగక ‘మాతృమందిరం’ నవలను కూడా జంటగా రచించారు. జంట సంప్రదాయం పద్యం నుంచి కల్పిత వచనానికి విస్తరించినదనడానికి అది నిదర్శనం.

హిందీలో రాజేంద్ర యాదవ్, మన్నూ భండారీ దంపతులు 1960ల తొలినాళ్ళలో ‘ఏక్ ఇంచ్ ముస్కాన్’ నవలను అధ్యాయం తరువాత అధ్యాయంగా వంతులు వేసుకుని రచించారు. పురుషపాత్ర వైపు కథను ఆయన, స్త్రీపాత్రల వైపు కథను ఆమె నడిపారు. ఇక్కడ ఎవరు ఏది రాశారో పాఠకుడికి తెలుసు. అయినా ఒకరి అధ్యాయంలో జరిగిన సంఘటన తరువాతి అధ్యాయం రాసేవారికి మార్చరాని గతం అవుతుంది. ఒకరు తలుపు మూస్తే రెండవవారు మూసిన తలుపు ముందునుంచే కథ మొదలుపెట్టాలి. కాబట్టి ప్రతి అధ్యాయమూ దానిని రాయని వ్యక్తి పెట్టిన హద్దుల్లోనే పుడుతుంది.

ఇల్ఫ్, పెత్రోవ్‌ల పద్ధతి దీనికి భిన్నమైనది. వారు ఒకే బల్ల దగ్గర కూర్చుని, ప్రతి వాక్యాన్నీ చర్చించి రాసేవారు. ఒకే మాట ఇద్దరికీ ఒకేసారి తోస్తే అది మరీ దగ్గరలో దొరికే మాట అనీ, మూడో మనిషికి కూడా అదే తోస్తుందనీ భావించి, దానిని వదిలి వేరే మాట వెదికేవారని పెత్రోవ్ స్మరించుకున్నారు. ఇందులో కర్తృత్వ చర్చకు ముఖ్యమైన సూచన ఉంది. సహరచయిత చేసే పనిలో పెద్ద భాగం పుటమీద కనిపించదు. వద్దన్న మాట, ఆపిన సన్నివేశం, కొట్టివేసిన పేరా ఏ లెక్కలోకీ రావు. అచ్చయిన వాక్యాలను శైలిని బట్టి ఇద్దరికీ పంచిపెట్టే పరిశోధన ఉన్న వాక్యాలనే లెక్కిస్తుంది. మిత్రుని తిరస్కారం వల్ల పుస్తకంలో లేకుండా పోయినవాటిని అది లెక్కించలేదు.

పూచీగా కర్తృత్వం

వాటా సరిపోకపోతే కర్తృత్వాన్ని దేనితో కొలవాలి? 1969లో మిషెల్ ఫూకో చేసిన ప్రసిద్ధ ప్రసంగం ఇక్కడ ఉపకరిస్తుంది. రాతకు కర్త పేరు జతచేయవలసిన అవసరం, రాతకు శిక్ష పడే అవకాశంతో ముడిపడి ఏర్పడిందని ఆయన వివరించారు. రచన సొత్తు కాకముందే అది ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవలసిన చర్యగా ఉండేది. ఈ దృష్టితో చూస్తే గ్రంథం మీది పేరు రెండు మాటలు చెబుతుంది. ‘దీనిని నేను రాశాను’ అనేది వాస్తవ కథనం. ‘దీనికి నేను జవాబు చెబుతాను’ అనేది ప్రతిజ్ఞ. ఒంటరి రచయిత విషయంలో ఈ రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. జంట రచయితల విషయంలో అవి విడివడతాయి. మొదటిది ఒక్కొక్కరికీ పాక్షికంగానే నిజం. రెండవది ఇద్దరికీ పూర్తిగా వర్తిస్తుంది. ఒక పాత్ర చిత్రణ ఒక సమూహాన్ని అవమానించిందని పాఠకులు ఆక్షేపిస్తే, ‘ఆ అధ్యాయం నాది కాదు’ అని చెప్పే సహరచయిత ఆ క్షణంలో తన పేరును వెనక్కి తీసుకుంటున్నాడు. ప్రశంస వచ్చినప్పుడు పుస్తకం మొత్తం నాదని, నింద వచ్చినప్పుడు సగమే నాదని అనడం నైతికంగా నిలవదు.

దీనిపై బలమైన ఆక్షేపణ ఒకటుంది. జవాబుదారీయే ప్రధానమైతే, పేరున్న వ్యక్తి ఏమీ రాయకుండా పూచీ ఇచ్చి కర్త కాగలడు కదా? శ్రమించినవారి పాలు కప్పివేయడానికి ‘ఇద్దరిదీ ఒకటే’ అన్న మాట ఉపయోగపడదా? ఈ ప్రమాదం ఊహించినది కాదు. పరిశోధనా వ్యాసాలలో విద్యార్థి శ్రమకు పర్యవేక్షకుని పేరు జత కావడం విశ్వవిద్యాలయ లోకానికి కొత్త విషయం కాదు.

సమాధానం పూచీ అనే మాటలోనే ఉంది. తెలియని విషయానికి ఎవరూ నిజమైన పూచీ ఇవ్వలేరు. కనుక సహరచయితకు మూడు షరతులు వర్తిస్తాయి. పుస్తకంలోని ప్రతి పుటా అచ్చుకు ముందు అతడు చదివి ఉండాలి. మార్చే అధికారం ఇద్దరికీ సమానంగా ఉండాలి. ‘ఇది నా పేరుతో వెలువడరాదు’ అనే హక్కు ఇద్దరిలో ఎవరికైనా ఉండాలి. వీటికి తోడు నిర్మాణంలో నిజమైన పాలు ఉండాలి. లేకుంటే మంచి సంపాదకుడు కూడా కర్త కావలసి వస్తుంది. వైద్యపత్రికల సంపాదకుల అంతర్జాతీయ సమితి 2013లో తన కర్తృత్వ నియమాలకు సమగ్ర జవాబుదారీని నాలుగవ షరతుగా చేర్చింది. అక్కడ కూడా అది శ్రమకు ప్రత్యామ్నాయం కాదు, శ్రమకు తోడుగా ఉండవలసినది. శ్రమ లేని పూచీ పేరు అరువివ్వడం అవుతుంది. పూచీ లేని శ్రమ కూలిపని అవుతుంది. రెండూ కలిసినచోటే సహకర్తృత్వం ఉంది.

ప్రచురణ, చట్టం

రచన సాగినంతకాలం ఈ విషయాలు మిత్రుల మధ్య చెప్పుకోకుండానే నడుస్తాయి. ప్రచురణ వాటిని బయటికి తెస్తుంది. ముఖపత్రం మీద ఎవరి పేరు ముందుండాలి, పారితోషికం ఎలా పంచుకోవాలి, ప్రచురణకర్త కోరిన మార్పుకు ఎవరు ఒప్పుకోవాలి అన్న ప్రశ్నలు అప్పుడే పుడతాయి. స్నేహం ఉన్నచోట ఒడంబడిక ఎందుకన్న సంకోచం సహజమే. అయితే ఒడంబడిక స్నేహాన్ని శంకించడం కోసం ఉద్దేశించినది కాదు. ఒకరు లేనప్పుడు, లేదా మనసులు విరిగినప్పుడు కృతి అనాథ కాకుండా చూడటానికి అది అవసరం.

భారతీయ కాపీరైట్ చట్టం, 1957 ఉమ్మడి కర్తృత్వాన్ని నిర్వచించిన తీరు ఇక్కడ గమనించదగింది. ఇద్దరు లేదా అంతకెక్కువమంది సహకారంతో ఏర్పడి, ఒకరి పాలు మరొకరి పాలు నుంచి విడిగా లేని కృతినే చట్టం ఉమ్మడి కృతి అంటుంది. అంటే వాటాలు విడదీయలేని స్థితే దానికి లక్షణం. ‘బుడుగు’లో ముళ్ళపూడి వెంకటరమణ వచనం, బాపు బొమ్మలు తెలుగు పాఠకుని మనసులో వేరుకావు. అయినా వచనం, చిత్రం విడిగా గుర్తించదగినవి గనుక వారి సాహచర్యం ఈ నిర్వచనంలో ఇమడదు. వంతుల వారీగా అధ్యాయాలు రాసిన నవల విషయంలో సైతం ఈ నిర్వచనాన్ని అక్షరార్థంలో తీసుకుంటే సందేహం కలుగుతుంది. చట్టం పుటమీది చేతులను చూస్తుంది. సాహిత్య విమర్శ ఆ చేతులను పరస్పరం కట్టిపడేసిన అంగీకారాన్ని కూడా చూడవలసి ఉంటుంది.

న్యాయస్థానం ఆ అంగీకారాన్ని చూసిన సందర్భం ఒకటుంది. మౌలానా అబుల్ కలాం ఆజాద్ గ్రంథం ‘ఇండియా విన్స్ ఫ్రీడమ్’ ఆయన మరణానంతరం 1959లో వెలువడింది. ఆజాద్ ఉర్దూలో చెప్పగా హుమాయూన్ కబీర్ ఇంగ్లీషులో రాసి, వాటిని ఆజాద్‌కు చూపి ఆమోదం పొందారు. ముందుమాటలో కబీర్ తన పాత్రను వినయంగా తగ్గించి చెప్పుకున్నారు. 1989లో ఢిల్లీ హైకోర్టు ఆ గ్రంథానికి సంబంధించిన వివాదంలో, ఇద్దరి మధ్య సన్నిహితమైన, క్రియాశీలమైన మేధాసహకారం ఉన్నందున కబీర్ సహకర్త అవుతారని అభిప్రాయపడింది. అది కల్పిత కృతి కాకపోయినా సూత్రం ఇక్కడ వర్తిస్తుంది. మాట ఒకరిదీ భాష మరొకరిదీ అయినచోట, పరస్పర పరిశీలనే వారిని సహకర్తలుగా చేసింది.

ఆ చట్టంలోని మరొక అంశం స్నేహం గురించి అనుకోకుండా ఒక లోతైన మాట చెబుతుంది. కర్త మరణించిన తరువాత అరవై సంవత్సరాల వరకు హక్కు ఉంటుంది. ఉమ్మడి కృతి అయితే ఇద్దరిలో చివర మరణించినవారి నుంచి ఆ లెక్క మొదలవుతుంది. కాటూరి వేంకటేశ్వరరావుగారు 1962లో, పింగళి లక్ష్మీకాంతంగారు 1972లో మరణించారు. అందువల్ల 1932 నాటి ‘సౌందరనందము’లో కాటూరివారి హక్కు కూడా 1972 నుంచే లెక్కకు వస్తుంది. కర్తగా ఆయన ఆయువు మిత్రుని ఆయువు మేరకు పెరిగింది. వారసులకు చెందే ఆదాయం వాటాలుగా పంచుకోదగినది. కర్తగా నిలిచి ఉండే కాలం మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

మిత్రమరణానంతరం

పూచీ భావనకు కఠినమైన పరీక్ష ఒకరి మరణం. దివాకర్ల తిరుపతి శాస్త్రిగారు 1920లో మరణించారు. చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రిగారు ఆ తరువాత మూడు దశాబ్దాలు జీవించి 1950లో మరణించారు. ఆ కాలంలో కూడా ఆయన జంటపేరుతో కృతులు వెలువరించారు. ఐర్లండ్‌లో ‘సోమర్‌విల్ అండ్ రాస్’ జంటలో రాస్ అనే కలంపేరు గల వయొలెట్ మార్టిన్ 1915లో మరణించగా, ఎడిత్ సోమర్‌విల్ తన మరణం, అంటే 1949 దాకా రెండు పేర్లనూ నిలిపి ఉంచారు. మరణించిన నేస్తంతో తనకు ఇంకా సంభాషణ నడుస్తున్నదని సోమర్‌విల్ విశ్వసించారు.

వాటా భావన ప్రకారం ఇవి అసత్యాలు. మరణించినవారు ఒక్క అక్షరమూ రాయలేదు కదా. పూచీ భావన ప్రకారం సమస్య మరింత సూక్ష్మమైనది. బతికి ఉన్నవారు మిత్రుని తరఫున జవాబు చెప్పగలరు. మిత్రుడు మాత్రం కొత్త వాక్యాన్ని చదవలేడు, వద్దనలేడు. ముందు చెప్పిన మూడు షరతుల్లో ఒక్కటీ నెరవేరదు. కనుక ఈ సంతకాన్ని సహకర్తృత్వ ప్రకటనగా సమర్థించడం కష్టం. దానిని ఋణ ప్రకటనగా సమర్థించవచ్చు. ఏళ్ల తరబడి ఇద్దరూ కలిసి దిద్దుకున్న చేతితో రాస్తున్నానని, ఆ చేయి తన ఒక్కరిది కాదని బతికినవారు ఒప్పుకోవడం అది.

ఋణప్రకటన సత్యంగా ఉండాలంటే మరణం దాచరాదు. ఇందుకు తెలుగులోనే ప్రాచీనమైన ప్రమాణం ఉంది. పద్నాలుగో శతాబ్దిలో ఎఱ్ఱన అరణ్యపర్వశేషాన్ని పూరించినప్పుడు, నన్నయ్య రచనే కొనసాగుతున్నట్లు కృతిభర్తగా రాజరాజనరేంద్రునే నిలిపారు. అయినా పర్వాంతంలో పూరించినది తానని తెలియజేశారు. పూర్వకవిపట్ల గౌరవం, పాఠకునిపట్ల సత్యం రెండూ అక్కడ నిలిచాయి. తిరుపతి శాస్త్రిగారి మరణం కూడా సాహిత్యలోకానికి తెలిసినదే. జంటపేరు చూసి మోసపోయిన పాఠకుడు లేడు. పైగా వేంకట శాస్త్రిగారు ‘కథలు గాథలు’ వంటి వచనాన్ని తమ పేరుతోనే వెలువరించారు. రెండు పేర్ల మధ్య ఎంచుకోగలిగిన స్థితిలో ఉండి జంటపేరును నిలిపారు గనుక, అది అలవాటుగా కాక నిర్ణయంగా కనిపిస్తుంది. ఆయన శిష్యులైన పింగళి కాటూరి కవులు తమ ‘సౌందరనందము’ను ఆయనకే అంకితమిచ్చారు.

దీనికి ఎదురుగా జోసెఫ్ కాన్రాడ్, ఫోర్డ్ మాడాక్స్ ఫోర్డ్‌ల ఉదంతాన్ని నిలపవచ్చు. వారు ‘ది ఇన్హెరిటర్స్’ (1901), ‘రొమాన్స్’ (1903) నవలలను కలిసి రచించారు. తరువాత స్నేహం సడలింది. 1924లో కాన్రాడ్ మరణించగానే ఫోర్డ్ ఒక స్మృతిగ్రంథం వెలువరించి, తమ సహరచన విశేషాలు వివరించారు. కాన్రాడ్ భార్య దానిని బహిరంగంగా ఆక్షేపించారు. ఫోర్డ్ చెప్పినదాంట్లో ఎంత నిజముందన్నది వేరే చర్చ. నైతికంగా గమనించదగినది ఏమంటే, వాటాలు తేల్చే మాటను కాదనగల ఏకైక సాక్షి అప్పటికి లేడు. మరణించిన మిత్రునికి పేరు జోడించడంలో అతిశయోక్తి ఉండవచ్చు. అతని పాలు ఒంటరిగా నిర్ణయించడంలో అంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. మొదటిది తన కీర్తిలో భాగం ఇవ్వడం. రెండవది జవాబు చెప్పలేనివాని కీర్తిని తూకం వేయడం.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి. సహరచనలో పని విభజన ఉండవచ్చు గాని ఫలితం విభజనకు లొంగదు. తిరస్కారం, దిద్దుబాటు, అంగీకారం అనే కనిపించని పనులు కనిపించే వాక్యాలంతటి విలువ గలవి. ఉమ్మడి పేరు మొత్తం కృతికి ఇద్దరూ ఇచ్చే పూచీ. ఆ పూచీ నిజమైనది కావాలంటే చదవడం, మార్చడం, వద్దనడం అనే మూడు అధికారాలు ఇద్దరికీ సమానంగా ఉండాలి. అవి లేనిచోట జంటపేరు అలంకారమో, అన్యాయమో అవుతుంది.

ఈ నిర్ణయం పరిశోధకుని పనిని తగ్గించదు, దిశ మారుస్తుంది. జంటల రాతప్రతులు, ఉత్తరాలు, దిద్దుబాటు ప్రతులు దొరికినప్పుడు వాటిని వాటాల నిర్ధారణకు మాత్రమే ఉపయోగిస్తే అసలు సాక్ష్యం జారిపోతుంది. ఒకరి వాక్యాన్ని మరొకరు ఎక్కడ ఆపారు, ఎక్కడ లొంగారు, ఎక్కడ భిన్నాభిప్రాయంతోనే అంగీకరించారు అన్నవి అందులో వెదకవలసినవి. ‘ఎవరు ఏది రాశారు?’ అన్న ప్రశ్నకు చాలా జంటలు సమాధానం చెప్పకుండానే వెళ్ళిపోయాయి. ‘ఎవరి మాటకు ఎవరు నిలబడ్డారు?’ అన్న ప్రశ్నకు సమాధానాన్ని మాత్రం తమ పుస్తకాల ముఖపత్రం మీదనే ఉంచి వెళ్ళాయి.